ఒక్క కాలే వాచిందా?

వంటిల్లు సర్దుకుని, పిల్లలను పంపించి ఇప్పుడే కాస్త నడుం వాల్చి ఉంటారు. కాళ్లు చాపుకునే కూర్చోండి. ఈ వేళ మన కబుర్లు కాళ్లను గురించే.

మాది ఆత్మకూరు. జూరాల ప్రాజెక్టుకు దగ్గర, ఒకప్పుడు సంస్థానం ఉన్న ఊరు. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, అప్పటి నుంచీ వనపర్తి జిల్లా. నాలుగేళ్ల కిందట మా పెద్దమ్మ మనవరాలు పురిటికి పుట్టింటికి వచ్చింది. తొలి కాన్పు, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వచ్చారు. పదమూడో రోజున పిల్ల ఎడమ పిక్కలో పోటు అంది. మర్నాటికి పాదం నుంచి తొడ దాకా కాలు నున్నగా ఉబ్బిపోయింది. చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. కుడి కాలు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

మా పెద్దమ్మ చూసి, "ఏం లేదు బిడ్డా, నరం పట్టింది. పన్నెండు దినాల సంది మంచం మీదనే పండుకుంటివి, పట్టదా మరి?" అంది. పక్కింటావిడ బోదకాలేమోనని అనుమానపడింది. ఆముదం గోరువెచ్చగా కాచి, కాళ్లు పట్టే ఆమెకు కబురు పెట్టారు. ఆమె వచ్చి పిక్క మీద చెయ్యి వేయబోతుండగా, బాలింతను చూడడానికి ఆశా కార్యకర్త వచ్చింది. కాలు చూడగానే, "అవ్వా, చెయ్యి తియ్యి! ముట్టుకోకు!" అని గట్టిగా అరిచింది. నేను అక్కడే ఉన్నాను. ఆ అరుపుకు నాకు కాస్త కోపం కూడా వచ్చింది, పెద్దావిడతో అట్లా మాట్లాడతారా అని. సాయంత్రానికి ఆ కోపం పోయింది.

ఆ పిల్లకు వచ్చింది నరం పట్టడం కాదు. కాలి లోపలి పెద్ద రక్తనాళంలో నెత్తురు గడ్డ కట్టింది. మనం వాడుకలో అన్నింటినీ నరాలనే అంటాం. చేతి మీద పచ్చగా కనిపించేదీ నరమే, మెడ పట్టేసినా నరమే. అసలు నరమంటే స్పర్శనూ నొప్పినీ మెదడుకు మోసుకుపోయే తీగ. రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టాన్ని సిర అంటారు. కాళ్లలో సిరలు రెండు వరసలు. చర్మం కిందే మెలికలు తిరిగి కనిపించేవి పై సిరలు. కండల మధ్య, ఎముకను ఆనుకుని పోయేవి లోతు సిరలు. కాలి నెత్తురులో చాలా భాగాన్ని పైకి మోసేవి ఈ లోతు సిరలే.

పాదం నుంచి గుండె దాకా నెత్తురు ఎదురెక్కాలి కదా, మరి దాన్ని ఎవరు తోస్తారు? మన పిక్కలే తోస్తాయి. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండ బిగిసి లోతు సిరను పిండుతుంది. పైకి పోయిన నెత్తురు కిందికి జారకుండా సిర లోపల చిన్న చిన్న తలుపుల్లాంటివి మూసుకుంటాయి. నడక ఆగితే ఆ పంపు ఆగినట్టే. జర్మనీ వైద్యుడు విర్కో 1856లోనే ఈ గడ్డలకు మూడు కారణాలు చూపించాడు. నెత్తురు నడక మందగించడం ఒకటి, నాళం లోపలి గోడకు దెబ్బ తగలడం ఒకటి, నెత్తురుకే గడ్డకట్టే గుణం పెరగడం మూడోది. ఆయన పుట్టినరోజు అక్టోబరు 13. ఆ రోజునే 2014 నుంచీ ప్రపంచమంతా ఈ జబ్బును గుర్తు చేసుకునే దినంగా జరుపుతున్నారు.

ఇప్పుడు మన బాలింతను తలుచుకోండి. కాన్పులో నెత్తురు ఎక్కువ పోకుండా ప్రకృతే గర్భిణి రక్తానికి గడ్డకట్టే గుణం పెంచుతుంది. పెరిగిన గర్భసంచి పొత్తికడుపులోని సిరలను నొక్కుతుంది. ఎడమ వైపు సిర మీదుగా కుడి కాలికి పోయే ధమని అడ్డంగా పోతుంది కాబట్టి గర్భిణులకు గడ్డ ఎక్కువగా ఎడమ కాలికే వస్తుంది. ఆపైన కడుపు కోత, ఆ తర్వాత మంచం. కాన్పు తర్వాతి ఆరు వారాలే అన్నిటికన్నా ప్రమాదమైన రోజులు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్‌తో జరిగితే మన తెలంగాణలో 60.7 అట్లా జరిగాయి. దేశంలో ఇంత ఎక్కువ మరే రాష్ట్రంలోనూ లేదు. ఆపరేషన్లు పెరిగాయి గాని, బాలింతను మంచం దిగనివ్వని పాత అలవాటు ఇంకా పోలేదు. పొట్ట పెరుగుతుందని నీళ్లు కూడా లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఉన్నాయి. నీళ్లు తగ్గితే నెత్తురు చిక్కబడుతుంది. పెద్దవాళ్లను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. చాకిరీ నుంచి నాలుగు రోజులు తప్పించాలనే ప్రేమతోనే వాళ్లు ఆ మంచం వేశారు. కాని పనికి పోకుండా ఉండడం వేరు, కదలకుండా ఉండడం వేరు.

హైదరాబాద్ నిమ్స్ వైద్యులు మెదడు సిరల్లో గడ్డ కట్టిన 428 మంది వివరాలను 2012లో ప్రచురించారు. ఈ గడ్డలు కాలికే పరిమితం కావు. బాలింత విపరీతమైన తలనొప్పి అన్నా, మూర్ఛ వచ్చినా దిష్టి తగిలిందని ఊరుకోకూడదు.

కాలు వాస్తే ప్రాణం మీదికి ఎందుకు వస్తుందని మీరు అడగొచ్చు. కాలిలో ఉన్నంతసేపూ గడ్డ నొప్పి పెడుతుంది, అంతే. అందులోంచి ఒక ముక్క తెగితే నెత్తురుతో పాటు గుండెలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి పోయి దారిని మూసేస్తుంది. ఉన్నట్టుండి ఆయాసం వస్తుంది. ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే నెత్తుటి చారలు, ఒక్కోసారి కళ్లు తిరిగి పడిపోవడం. పెద్ద ముక్క అయితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఆ లక్షణాలు కనబడితే ఊరి డాక్టరు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలి. ఇప్పుడర్థమైంది కదా, ఆమె "చెయ్యి తియ్యి" అని ఎందుకు అరిచిందో! గట్టిగా మర్దనా చేస్తే ఆ ముక్క ఊడిపోవచ్చు.

అయితే వాచిన ప్రతి కాలూ ఇదేనా? కాదు. రెండు కాళ్లూ ఒకేలా వాస్తే మూత్రపిండాలు, గుండె, రక్తహీనత వంటి వేరే కారణాలు చూస్తారు. బోదకాలు ఒక్క రాత్రిలో రాదు, ఏళ్ల తరబడి జ్వరాలు వచ్చి పోతూ మెల్లగా పెరుగుతుంది. పుండులోంచి చీము చేరి వాచిన కాలైతే జ్వరం, చలి కూడా ఉంటాయి. ఒకే కాలు, ఒకటి రెండు రోజుల్లో, పిక్కలో నొప్పితో వాచిందంటే అప్పుడు ఈ గడ్డను అనుమానించాలి. కాలు ఎర్రబడుతుందని పుస్తకాల్లో రాస్తారు గాని మన ఛాయ ఒంటి మీద ఎరుపు అంతగా తెలియదు. అరచేతి వెనక వైపుతో రెండు పిక్కలూ తాకి చూడండి, ఏది వేడిగా ఉందో తెలుస్తుంది. బాలింతలకే కాదు, తుంటి, మోకాలు ఆపరేషన్లు అయినవారికి, ఎముక విరిగి కట్టులో ఉన్నవారికి, క్యాన్సర్ ఉన్నవారికి, పక్షవాతంతో మంచం పట్టినవారికి కూడా ఈ జబ్బు వస్తుంది. కొందరికి కాలిలో ఏ గుర్తూ కనపడకుండా నేరుగా ఆయాసంతోనే బయటపడుతుంది.

మా పిల్లను చూసిన డాక్టరమ్మ మొదట చేసిన పని చూసి నేను ఆశ్చర్యపోయాను. బట్టలు కుట్టే టేపు లాంటిది తీసి రెండు పిక్కలూ కొలిచింది! మోకాలి చిప్ప కింద చేతికి తగిలే ఎముక బొడిపె నుంచి పది సెంటీమీటర్లు కిందికి గుర్తు పెట్టి చుట్టుకొలత తీసింది. రెండింటికీ మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే అనుమానం బలపడుతుందట. మా పిల్లకు నాలుగున్నర ఉంది. కెనడాకు చెందిన వెల్స్ అనే డాక్టరు ఇలాంటి గుర్తులన్నిటికీ మార్కులు వేసే పద్ధతి పెట్టారు. ఈ మధ్య మంచాన పడ్డారా, ఆపరేషన్ అయిందా, కాలంతా వాచిందా, ఇదివరకు గడ్డ వచ్చిందా, ఇట్లా ఒక్కొక్కదానికీ మార్కు. పాదాన్ని పైకి వంచి పిక్క నొప్పి ఉందా అని చూసే పాత పరీక్ష కూడా ఒకటుంది. దాన్ని నమ్ముకోవడం ఇప్పుడు మానేశారు, గడ్డ లేనివారికీ నొప్పి పెడుతుంది, ఉన్నవారికీ ఒక్కోసారి పెట్టదు.

మార్కులు తక్కువ వస్తే డీ-డైమర్ అనే రక్తపరీక్ష చేస్తారు. గడ్డ ఒంట్లో కరుగుతున్నప్పుడు వచ్చే తునకల లెక్క అది. లెక్క తక్కువగా ఉంటే గడ్డ లేదని ధైర్యంగా ఉండొచ్చు. ఎక్కువగా ఉంటే మాత్రం గడ్డ ఉందని అర్థం కాదు, ఎందుకంటే గర్భిణులకు, బాలింతలకు, ఆపరేషన్ అయినవారికి అది మామూలుగానే పెరిగి ఉంటుంది. అందుకే మా పిల్లకు ఆ పరీక్ష రాయకుండా నేరుగా డాప్లర్ స్కానింగ్‌కు పంపారు.

డాప్లర్ అంటే భయం అక్కర్లేదు. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ లాంటిదే. సూది లేదు, నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణాలూ లేవు. గజ్జ నుంచి మోకాలి వెనక దాకా జిగురు రాసి పరికరంతో మెల్లగా నొక్కుతూ పోతారు. గడ్డ లేని సిర నొక్కగానే చదునై మూసుకుపోతుంది. గడ్డ ఉంటే మూసుకోదు. ఎంత నొక్కినా గుండ్రంగా అట్లాగే ఉంటుంది. సైకిల్ ట్యూబులో రాయి ఇరుక్కుంటే వేళ్లతో నొక్కి తెలుసుకుంటాం చూశారూ, అట్లాగన్నమాట. ఒకప్పుడు దీనికోసం పాదంలోకి సూదితో రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీయవలసి వచ్చేది. ఒక మాట గుర్తుంచుకోండి. మొదటి స్కానింగ్‌లో ఏమీ కనపడకపోయినా అనుమానం తీరకపోతే వారం లోపల మళ్లీ చేయించమంటారు. పిక్కలోని చిన్న గడ్డ ఆ లోపల పైకి పాకవచ్చు. డబ్బులు దండగని ఆ రెండో స్కానింగ్ ఎగ్గొట్టకండి.

ఇక చికిత్స. నెత్తురు పలచబడే మందులని అంటాం గాని, నిజానికి అవి నెత్తురును పలచన చేయవు, గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి. ఉన్న గడ్డనూ కరిగించవు. అది ఇంకా పెరగకుండా, కొత్తది కట్టకుండా ఆపుతాయి. పాత గడ్డను మన శరీరమే మెల్లమెల్లగా కరిగించుకుంటుంది. గడ్డనే కరిగించే మందులు కూడా ఉన్నాయి గాని వాటితో రక్తస్రావం భయం ఎక్కువ. ఊపిరితిత్తుల దారి మూసుకుని ప్రాణం మీదికి వచ్చినప్పుడో, కాలే పోయే ప్రమాదం ఉన్నప్పుడో వాడతారు. ఏ మందూ పడని స్థితిలో, అంటే రక్తస్రావం అవుతున్నవారికి, పొట్టలోని పెద్ద సిరలో గొడుగు చువ్వల్లాంటి జల్లెడ పెట్టి ముక్క పైకి పోకుండా ఆపుతారు.

మొదటి మందు హెపారిన్. 1916లో అమెరికాలో మెక్లీన్ అనే వైద్య విద్యార్థి కుక్క కాలేయం మీద పరిశోధన చేస్తుండగా ఇది బయటపడింది. గ్రీకులో హెపార్ అంటే కాలేయం, అదీ పేరు. ఇందులోనే తేలిక రకం ఇప్పుడు పొట్ట కొవ్వులోకి చిన్న సూదితో రోజుకు ఒకటి రెండు సార్లు ఇస్తారు. నేర్చుకుంటే ఇంట్లోనే ఇచ్చుకోవచ్చు. మన దేశం నుంచి వెళ్లి లండన్‌లో స్థిరపడిన శస్త్రవైద్యుడు విజయ్ కక్కర్ 1975లో నాలుగు వేల మందికి పైగా రోగులతో జరిగిన పెద్ద పరీక్షకు నాయకత్వం వహించారు. ఆపరేషన్‌కు ముందూ వెనకా కొద్ది మోతాదు హెపారిన్ ఇచ్చినవారిలో ఊపిరితిత్తుల గడ్డతో ఇద్దరే పోయారు. ఇవ్వనివారిలో పదహారు మంది పోయారు. ఇప్పుడు పెద్ద ఆపరేషన్లకు ముందు డాక్టర్లు "మీకు గడ్డల ప్రమాదం ఎంత?" అని లెక్క చూసే అలవాటు వెనక ఆ పరీక్ష ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే ఆ ప్రశ్న మీరే అడగండి, తప్పేమీ లేదు.

రెండో మందు వార్ఫరిన్, దాని అన్నదమ్ముడి వంటి అసినోకౌమరాల్. మా పిల్లకు ఈ మాత్రలు రాశారని తెలిసి మా మరిది, "వదినా, అది ఎలకల మందు కదా!" అని గగ్గోలు పెట్టాడు. అబద్ధం కాదు మరి. అమెరికా, కెనడాల్లో బూజు పట్టిన గడ్డి తిన్న పశువులు నెత్తురు కారి చచ్చిపోతుంటే, విస్కాన్సిన్‌లో లింక్ అనే శాస్త్రజ్ఞుడు ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరు చేశాడు. దాని నుంచి పుట్టిన వార్ఫరిన్‌ను 1948లో ఎలకలకు పెట్టారు, 1954 నుంచి మనుషులకు మందుగా ఇస్తున్నారు. మరుసటి ఏడే అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు కూడా అదే ఇచ్చారు. మోతాదులోనే ఉంది విషమూ మందూ.

ఈ మాత్ర పని మొదలుపెట్టడానికి అయిదారు రోజులు పడుతుంది. అందుకే అప్పటిదాకా ఇంజెక్షన్, మాత్ర రెండూ కలిపి ఇస్తారు. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షలో అంకె 2, 3 మధ్య నిలవాలి. తక్కువైతే గడ్డ భయం, ఎక్కువైతే నెత్తురు కారే భయం. మొదట్లో తరచుగా, కుదుటపడ్డాక నెలకోసారి చూస్తారు. ఇక్కడే మన వంటింటికి పని పడుతుంది. వార్ఫరిన్ విటమిన్ కె కి విరోధి. ఆ విటమిన్ పాలకూర, తోటకూర, మునగాకు, మెంతికూర, కొత్తిమీరల్లో దండిగా ఉంది. పాలమూరు వాళ్లకు ఆకుకూర లేకుండా ముద్ద దిగుతుందా? మానక్కర్లేదు. ఎంత తింటున్నారో వారం వారం అంతే తినాలి. ఈ వారం రోజూ తోటకూర, వచ్చే వారం అసలు లేదు అంటే అంకె ఊగిపోతుంది. మా పెద్దమ్మ పథ్యమని ఆకుకూరలన్నీ ఒక్కసారి మాన్పించింది, పది రోజులకు ఐఎన్ఆర్ నాలుగు దాటింది. మళ్లీ మొదలుపెట్టించారు.

మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మరిచిపోయి ఆ రోజే గుర్తొస్తే వేసుకోవచ్చు, మర్నాడు మాత్రం రెండు కలిపి వేసుకోకూడదు. ఒళ్లు నొప్పులని మందుల దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి తెచ్చుకోకూడదు. యాంటీబయాటిక్‌లు, మూలికల కషాయాలు కూడా అడిగాకే. పన్ను పీకించుకోవాలన్నా ముందు ఈ మాత్ర సంగతి చెప్పాలి. చిగుళ్ల నుంచి నెత్తురు, నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, నెలసరి మరీ ఎక్కువ కావడం, తలకు దెబ్బ, వీటిలో ఏది జరిగినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త మాత్రలు వచ్చాయి. వాటికి ఐఎన్ఆర్ బెడద లేదు, ఆకుకూరల లెక్కా లేదు. చాలామందికి ముందుగా అవే రాస్తున్నారు. రివరాక్సబాన్ పెద్ద మోతాదును అన్నంతో పాటే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మాత్రం ఇవి ఇవ్వరు. పాలిచ్చే తల్లికి హెపారిన్, వార్ఫరిన్ పనికొస్తాయి, బిడ్డకు పాలు మాన్పించనక్కర్లేదు. గర్భిణికి వార్ఫరిన్ కూడదు, కడుపులో బిడ్డకు హాని. కాన్పు, ఆపరేషన్ వంటి కారణంతో వచ్చిన గడ్డకు సాధారణంగా మూడు నెలలు వాడతారు. ఏ కారణమూ దొరకకపోతే ఇంకా ఎక్కువ కాలం. వాపు తగ్గింది కదా అని మధ్యలో మానడం మన ఇళ్లల్లో మామూలు. అదే అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

ఒకప్పుడు గడ్డ ఉందంటే కదలకుండా పడుకోబెట్టేవారు. ఇప్పుడు మందు మొదలయ్యాక డాక్టరు చెప్పిన మేరకు నడవమనే అంటున్నారు. బిగుతు మేజోళ్లు అందరికీ రెండేళ్లు వేసేవారు గాని, 2014లో వచ్చిన ఒక పెద్ద పరీక్ష తర్వాత ఆ నియమం సడలింది. వాపు, బరువు ఉన్నవారికి ఉపశమనంగా వేస్తున్నారు. కొందరికి సిరలోని తలుపులు చెడిపోయి, ఏళ్ల తర్వాత కూడా సాయంత్రానికి కాలు బరువెక్కడం, చీలమండ పైన చర్మం నల్లబడడం, మానని పుండు పడడం ఉంటాయి.

మన పట్నం ఆడవాళ్లకు చెప్పవలసినవి ఇంకో రెండున్నాయి. వ్రతం వచ్చిందనీ, తిరుపతి ప్రయాణమనీ, పెళ్లనీ నెలసరి వాయిదా వేసే మాత్రలు దుకాణంలో అడిగి కొనేస్తాం. వాటికీ, గర్భనిరోధక మాత్రల్లో కొన్నింటికీ గడ్డల ప్రమాదం పెంచే గుణం ఉంది. ఇదివరకు గడ్డ వచ్చినవారు, ఇంట్లో తల్లికో అక్కకో వచ్చినవారు, స్థూలకాయులు వాటిని డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. రెండోది, కూతురి పురిటికి అమెరికా ప్రయాణాలు. నాలుగు గంటలకు మించి కూర్చుని ప్రయాణం చేస్తే గడ్డ వచ్చే అవకాశం దాదాపు రెండింతలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. విమానమే కాదు, బస్సయినా రైలయినా అంతే. మామూలు ఆరోగ్యం ఉన్నవారికి ఆ రెండింతలైనా చాలా చిన్నదే, భయపడి టికెట్టు వాపసు చేయకండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించండి, బాత్రూముకు లేవాల్సి వస్తుందని నీళ్లు మానకండి. లేవడం మంచిదే కదా!

మా పిల్ల మూడు నెలలు మాత్రలు వాడింది. డాప్లర్ రిపోర్టును రేషన్ కార్డుతో కలిపి దాచింది. పోయిన ఏడు మళ్లీ నెల తప్పినప్పుడు మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజే ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. గర్భం తొలి నెలల నుంచి కాన్పయిన ఆరు వారాల దాకా రోజుకో హెపారిన్ ఇంజెక్షన్ రాశారు. పొట్ట చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని సూది తనే వేసుకునేది, రోజుకో పక్కన. నొప్పులు మొదలైనట్టు అనిపిస్తే ఆ పూట సూది మానేసి ఆసుపత్రికి రమ్మన్నారు, లేకపోతే నడుముకు మత్తు ఇంజెక్షన్ ఇవ్వడం కుదరదట. ఆమె అట్లాగే చేసింది. కాన్పయిన మర్నాడే వరండాలో నడిపించారు. మా పెద్దమ్మ పక్కనే నీళ్ల చెంబు పట్టుకుని నడిచింది, మధ్య మధ్య "ఇంక సాలు, పండుకో బిడ్డా" అంటూనే.